బొమ్మవైపు

“తాళం” అంది పిచ్చిక.

టీచరమ్మ కార్డు దించలేదు. “సరిగ్గా చూసి చెప్పు.”

పిల్ల కళ్ళు చికిలించింది. పెదాలు కదుపుతూ లోలోపల ఏదో గొణుక్కుంది. “తాళం” అంది మళ్ళీ.

ఆ కార్డులకు ఒకవైపు పెద్ద అక్షరాల్లో మాట, రెండోవైపు బొమ్మ. మాట పిల్లలకి, బొమ్మ టీచరమ్మకి. పిల్లలు మాట చూసీ చూడగానే టక్కున చెప్పెయ్యాలి. టీచరమ్మ తనవైపున్న బొమ్మ చూసుకుని తప్పో ఒప్పో తేల్చేస్తుంది. ఇప్పుడు ఆవిడ కళ్ళముందున్నది గొడుగు. పక్క కుర్చీలోంచి పెద్దమేడం కూడా మెడ సాచి ఆ గొడుగునే చూసింది.

“చూశారుగా! మొన్నమొన్నటిదాకా బాగానే ఉండేదండీ. ఈ కొత్త కార్డులొచ్చాకే దీని బుర్ర మొద్దుబారింది. గొడుగు చూపిస్తే తాళమంటుంది, చెట్టు చూపిస్తే కుర్చీ అంటుంది. క్లాసంతా ఒక దారైతే దీనిదొక దారి” అంది టీచరమ్మ.

పిచ్చిక వెనకే వాళ్ళమ్మ నిలబడి ఉంది. ఆ బళ్ళోనే ఆయా. తడిచేతులు చీరకి తుడుచుకుంటూ, గది తుడిచే పని మధ్యలో వదిలేసి వచ్చింది. కార్డుమీది అక్షరాలు ఆవిడకీ ఎదురుగానే ఉన్నాయి. కానీ ఆవిడకవి చీమలబారుతో సమానం.

“ఆయా, నీకు ముందే చెప్పాను” అంది పెద్దమేడం. “నీ మొహం చూసి ఊరికే ఇచ్చిన సీటు. ఇవాళ చదివితే ఒకటో తరగతి. చదవకపోతే ఇంటికి తీసుకుపో.”

“అంత మాటనకండమ్మగారూ! చదువుద్ది. ఇంట్లో గోడల మీద కాయితాలు కూడా వదలదండీ. ఈ చీపురు నాతోనే పోవాలని కదండీ నా ఏడుపంతా... చెప్పవే, బంగారూ! టీచరమ్మ ఏం చూపిస్తుందో అదే చెప్పవే!”

టీచరమ్మ గుమ్మంలోకి చూసి డాక్టరుగారి అమ్మాయిని పిలిచింది. కుచ్చుల గౌను ఊపుకుంటూ వచ్చిందా పిల్ల. పిచ్చిక పక్కన నిలబడి, అక్షరాలవైపు ఒక్క చూపు చూసి “గొడుగు!” అని అరిచింది. పెద్దమేడం చప్పట్లు కొట్టింది. ఆ పిల్ల గంతులేస్తూ హాల్లోకి వెళ్ళిపోయింది.

“విన్నావా?” అంది అమ్మ.

“కానీ అమ్మా, అక్కడ తాళమనే ఉందే...”

చెంప ఛెళ్ళుమంది. పరాయివాళ్ళ ముందు పరువు పోయినప్పుడు పడే దెబ్బకి బరువెక్కువ. పిల్ల తూలి బల్ల పట్టుకుంది. ఏడవలేదు. ఏడిస్తే ఇంకోటి పడుతుందని తెలుసు.

“చదవడం రాదుగానీ ఎదురుమాటలొకటా?” అని టీచరమ్మ కార్డు బల్లమీద పడేసింది. “ఏదీ, ఎక్కడుందే నీ తాళం? వేలుపెట్టి చూపించు!”

పిచ్చిక వేలు పెట్టింది. “తా... ళం.”

ఆ వేలి వెంట టీచరమ్మ చూపూ వెళ్ళింది. అక్కడే ఆగిపోయింది. కార్డు తిప్పి చూసింది. గొడుగు. మళ్ళీ తిప్పింది. తాళం. కట్టలోంచి ఇంకోటి లాగింది. ఇటు కుర్చీ, అటు చెట్టు. ఇంకోటి, ఇంకోటి. ఆవిడ ముఖాన నెత్తుటి చుక్క లేదు. కట్టంతా పెద్దమేడం ముందుకి తోసింది.

పెద్దమేడం నాలుగు కార్డులు అటూ ఇటూ తిప్పింది. కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకుంది. హాల్లో కుర్చీలు జరుపుతున్న చప్పుడు. పిల్లల చదువు వినడానికి అమ్మానాన్నలు అప్పుడే వచ్చి కూర్చుంటున్నారు.

“పిల్లలందరూ బొమ్మ పేరే చదువుతున్నారా?” అని మెల్లగా అడిగింది.

“అందరూ ఇలాగేనండీ.” టీచరమ్మ హాలువైపు చూసింది. “నేను బొమ్మ చూసి చెప్పిందే బట్టీపట్టారు, ఇదొక్కతే తప్ప.”

“వచ్చినవాళ్ళు ఎటువైపు కూర్చుంటారు?”

“నా వెనకాలండీ. వాళ్ళకి బొమ్మలే కనబడతాయి.”

పెద్దమేడం కాసేపు పిచ్చికకేసి చూసింది. ఎర్రగా కందిన చెంప చూసింది. కార్డులన్నీ బొమ్మవైపు పైకి పెట్టి కట్ట సర్దింది. సర్దుతున్నంతసేపూ ఆవిడకి జాలేసిందంటే నేను నమ్మను.

“ఆయా, నీ కూతురికి చదువు అబ్బదు. రేపట్నుంచి పంపకు.”

“అమ్మగారూ! ఇంకొక్కసారి...”

“హాలు గుమ్మం దగ్గర నీళ్ళు ఒలికాయి చూడు. అవి తుడిచేసి, దీన్ని వెనక గేటునుంచి తీసుకుపో. ముందునుంచి వద్దు.”

పెద్దమేడం నవ్వు పులుముకుని హాల్లోకి నడిచింది. టీచరమ్మ కట్ట గుండెలకి హత్తుకుని వెనకే పరుగెత్తింది. ఆ హడావిడిలో ఒక కార్డు జారి కిందపడింది. ఆయా గబగబా తీసి, కొంగుతో దుమ్ము తుడిచి, వెనకే వెళ్ళి అందించి వచ్చింది. అంత ఏడుపులోనూ పనిమనిషి పనిమనిషే.

హాల్లోంచి పిల్లల గొంతులు ఒక్కసారిగా లేచాయి. “గొడుగు! చెట్టు! గడియారం!” చప్పట్లు మోగాయి.

ఆయా కూతురి రెక్క పట్టుకుని వెనక గేటువైపు లాక్కుపోతూ, ఆపుకోలేక వీపుమీద ఇంకోటి వేసింది.

“సెలవులన్నీ కూర్చుని, ఒక్కటి కూడా వంకరపోకుండా ఆ బొమ్మలన్నీ నా చేత్తో అంటించానే నీకోసం!”