వీపు మీది పేరు

నేను డిజైన్ గీసిన కొత్త జెర్సీలతో మా ఐస్ హాకీ జట్టు మంచు మీదికి దిగిందో లేదో, పై వరుసల్లోంచి అలాంటిదే ఒకటి ఎగిరొచ్చి వాళ్ళ కాళ్ళ దగ్గర పడింది. కెనడాలోని మా సస్కటూన్‌లో జట్టుని ఛీ కొట్టడమంటే అదే.

"ఎవడో తాగుబోతులే తల్లీ, పట్టించుకోకు," అంది అమ్మ.

"నాన్నేడీ?"

"కాఫీకెళ్ళాడు. జెర్సీ మీద గోధుమ కంకి తీసేసి తోడేలు బొమ్మ పెట్టావని పొద్దుట్నుంచీ ఒకటే గొణుగుడు. అయినా నువ్విచ్చిందే తొడుక్కొచ్చాడుగా."

రిఫరీ ఆ జెర్సీని రెండు వేళ్ళతో పైకెత్తాడు. పెద్ద తెర మీద దాని వీపు కనిపించింది. మెల్నిక్. జట్టులో ఆ పేరు ఎవరికీ లేదు. అది మా ఇంటిపేరు. నేను కుట్టించింది ఒక్కదాని మీదే.

నాన్న తిరిగొచ్చాడు. ఒంటిమీద పాత జెర్సీ ఉంది. లోపల వేసుకునే వచ్చాడన్నమాట.

అమ్మకో కాఫీ అందించి, నా పక్కన కూర్చున్నాడు.

"పేరు అందరికీ కనబడిందా?" అన్నాడు.