కొడుకు గడి

హన్నమ్మ స్థలం కొట్టేయడానికి ప్రేమ్ కిరణ్ కత్తి పట్టలేదు, దొంగ సంతకమూ పెట్టలేదు. ఆన్‌లైన్ ఫారంలో ఒక్క గడి నింపాడు, అంతే.

తిరువూరు బస్టాండు దగ్గర అతనిది ఆన్‌లైన్ సెంటర్. పొద్దస్తమానం జనానికి ఫారాలు నింపిపెట్టడమే పని. ఆ మాటకొస్తే ఇప్పుడు నింపడానికేముంది? మనిషి ఆధార్ నంబరు కొడితే చాలు, ఊరూ పేరూ, పెళ్ళాం పిల్లలూ, పొలం, బండీ, సంపాదనా ఎక్కడెక్కడి రికార్డుల్లోంచో వచ్చి వాటంతటవే గళ్ళలో కూర్చుంటాయి. ఇన్నేళ్ళ సర్వీసులో అతను కనిపెట్టిన రహస్యం ఒకటుంది. ఖాళీ గడి కనిపిస్తే ఆఫీసర్లు సవాలక్ష ప్రశ్నలు వేస్తారు. ముందే నిండి వచ్చిన గడిని మాత్రం ఒక్కరూ చదవరు.

హన్నమ్మ మిషన్ స్కూల్లో అటెండరుగా చేసి పోయిన రాయప్ప భార్య. పిల్లల్లేరు. భర్త పింఛను ఆగకుండా రావాలంటే ఏడాదికోసారి వేలిముద్ర వేసి, తానింకా బతికే ఉన్నానని సర్కారుకి చెప్పుకోవాలి. ఆ పని మీద ప్రేమ్ కిరణ్ సెంటర్‌కి రావడం ఆమెకి అదే మొదటిసారి. నోట్లో వేలు పెడితే కొరకలేనట్టుండే మనిషి. అడగకపోయినా తన గోడంతా వెళ్ళబోసుకుంది. విజయవాడ రోడ్డు పక్కన రాయప్ప కొన్న స్థలం ఉందట. తన తర్వాత అదెవరి పాలవుతుందోనని బెంగట.

"నాకు వెనకా ముందూ ఎవరూ లేరు నాయనా. ఆ ప్రభువు ఎవర్ని చూపిస్తాడో," అంది కళ్ళు తుడుచుకుంటూ.

ప్రభువు ప్రేమ్ కిరణ్‌నే చూపించాడు. విజయవాడ రోడ్డు పక్క స్థలమంటే మాటలా మరి! ముద్ర సరిగా పడలేదు పిన్నిగారూ అని ఆమె చేత మళ్ళీ వేలు వేయించి, కుటుంబ వివరాల్లో కొడుకు అన్న గడిలో తన నంబరు కొట్టాడు. మరుక్షణం అతని రికార్డులో, చనిపోయిన తల్లి రూత్ పేరున్న చోట హన్నమ్మ పేరు వచ్చింది. అది చూసి ప్రేమ్ కిరణ్ మనసు చివుక్కుమంది. స్థలం గుర్తుకొచ్చాక కుదుటపడింది.

ఆ రోజు నుంచి ఏ ఫారం తెరిచి ఆమె నంబరు కొట్టినా కొడుకు పేరు ప్రేమ్ కిరణ్ అనే వచ్చేది. చూసుకుని చూసుకుని మురిసిపోయాడు. రేపు ఆమె కన్నుమూస్తే వారసుడి సర్టిఫికెట్టు కూడా ఇలాగే నిండుతుంది, స్థలం నడుచుకుంటూ వచ్చి ఒళ్ళో పడుతుంది. ఆదివారం చర్చిలో పాస్టరుగారు ముసలివాళ్ళ ఆయుష్షు కోసం ప్రార్థన చేయిస్తే అందరూ ఆమెన్ అన్నారు. భార్య హెప్సిబా మోచేత్తో పొడిచినా ఇతను మాత్రం నోరు మెదపలేదు.

స్థలం మాట అటుంచి, నెల తిరక్కుండానే అతనికి నోటీసు వచ్చింది. కన్నకొడుకు తనను గాలికొదిలేశాడనీ, తిండికి ఇప్పించాలనీ హన్నమ్మ అర్జీ పెట్టుకుంది. అర్జీ కూడా ఆన్‌లైన్ ఫారమే. ఆమె నంబరు కొట్టగానే కొడుకు పేరు వచ్చింది. కొడుకు వెనకాలే అతని సెంటరూ, కారూ, సంపాదనా వచ్చాయి. ఆ సంపాదన బ్యాంకు లోను కోసం అతను ఉన్నదానికి మూడింతలు పెంచి రాయించుకున్నది. ఇప్పుడది అబద్ధమంటే బ్యాంకు ఊరుకోదు. నేను కొడుకునే కాదంటే పోలీసులు ఊరుకోరు.

విచారణ రోజున ఆఫీసరు సుందరరావు తెర మీంచి తల తిప్పకుండా అడిగాడు.

"ఈవిడ మీ అమ్మేనా?"

కక్కలేక మింగలేక ప్రేమ్ కిరణ్ హన్నమ్మ వంక చూశాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కుతోంది.

"అవునండి. మా అమ్మే," అన్నాడు.

ఆఫీసరు నానా చీవాట్లూ పెట్టాడు. కార్లో తిరుగుతూ కన్నతల్లికి గంజి పొయ్యని నువ్వూ ఒక మనిషివేనా అన్నాడు. అర్జీలతో వచ్చిన జనమంతా ప్రేమ్ కిరణ్‌ని పురుగుని చూసినట్టు చూశారు. నెలనెలా డబ్బు కట్టమని ఆఫీసరు రాయబోతుంటే హన్నమ్మే అడ్డుపడింది. నెలనెలా వాడి గుమ్మం తొక్కలేననీ, కారు అమ్మి ఆ డబ్బు ఒక్కసారే ఇచ్చేస్తే చాలనీ, ఆపైన ఈ కొడుకు పేరు తన రికార్డులో కూడా ఉండొద్దనీ దణ్ణం పెట్టింది. ఎంత మంచి తల్లో అని ఆఫీసరు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

కారు పోయింది. పేరు తీసేస్తే స్థలం ఆశ కూడా పోయినట్టే. అయినా జైలు తప్పింది, అదే పదివేలు అనుకున్నాడు ప్రేమ్ కిరణ్. పేరు తీయించడానికి ఇద్దరూ ఆఫీసు ఎదురుగా ఉన్న ఫర్హత్ సెంటర్‌కి వెళ్ళారు. హన్నమ్మ అర్జీ నింపింది కూడా ఆ ఫర్హతే. ఇద్దరి చేతా వేళ్ళు వేయించి పేరు తీసేసింది. ప్రేమ్ కిరణ్ బయటికొచ్చి చెప్పులేసుకుంటుంటే, లోపల్నించి ఫర్హత్ మాట వినిపించింది.

"పోయినేడు కొడుకు ఎ.కొండూరులో దొరికాడు, ఈ ఏడు తిరువూరులో దొరికాడు. వచ్చే ఏడు రెడ్డిగూడెం సెంటర్‌కి వెళ్దామా పెద్దమ్మా?"