రెండో 'సరే'

"ఆ బటన్ నొక్కిందెవరు?"

గ్రూపులో అందరికీ పెద్దన్న అయిన బెకెన్ ఆగా మెసేజ్ చూడగానే సయాన్ ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. మధ్యాహ్నం రెండూ పది. అల్మాటీకి ఎగువన, తస్బులక్ ఏటి ఒడ్డున ఉండేవాళ్ళ ఆరువేల ఫోన్లు అప్పుడే ఒక్కసారిగా కూతపెట్టాయి: "కొండ మీద చెరువు తెగింది. బురద వరద వస్తోంది. ఏటి ఒడ్డు వదిలి మెరకకు వెళ్ళండి."

సరిగ్గా ఆ నిమిషంలోనే సయాన్ తన ఇంట్లో కూర్చుని ఒక టెస్ట్ మెసేజ్ నొక్కాడు.

"నేనే ఆగా," అని రాశాడు. "టెస్ట్ అనుకుని అసలువాళ్ళకే పంపేసినట్టున్నాను. తప్పయిపోయింది."

పదిహేనుమంది ప్రోగ్రామర్లు జీతంభత్యం లేకుండా నడుపుతున్న హెచ్చరిక ఏర్పాటు అది. కోడంతా బహిరంగం, ఎవరైనా చూడొచ్చు, దిద్దొచ్చు. చెరువు నీటిమట్టం కనిపెట్టడానికి గట్టున పెట్టిన పెట్టె తనంతట తానే కూత పంపగలదు. మనుషులు పంపాలంటే మాత్రం ముందు ఇద్దరు చూసి 'సరే' అనాలి. ఎవరికీ చేరని టెస్టుకి కూడా ఇద్దరెందుకులే అని సయాన్ ఆగలేదు. ఇక గ్రూపు ఊరుకుంటుందా?

"వీడికి సర్వర్ తాళాలిచ్చిన రోజే అన్నాను, కోతికి కొబ్బరికాయ ఇస్తున్నారని."

"ఒక్క వేలితో ఆరువేలమందిని గుట్టెక్కించాడు. వచ్చే ఎన్నికల్లో నిలబెడదాం."

"నవ్వులాట కాదు," అని బెకెన్ ఆగా అందుకున్నాడు. "ఇవాళ ఉత్తపుణ్యానికి పరిగెత్తినవాళ్ళు రేపు నిజంగా వచ్చినప్పుడు కాలు కదుపుతారా? సయాన్, సాయంత్రంలోగా నీ తాళాలు వెనక్కిచ్చెయ్. ముందు అది తప్పుడు హెచ్చరిక, అందరూ ఇళ్ళకు పొమ్మని మెసేజ్ రాయి."

సయాన్‌కి ఏడుపొచ్చినంత పనైంది. మూడేళ్ళుగా ఆదివారమంటూ ఎరగకుండా ఈ పనే చేశాడు. ఆ పెట్టెను వీపున మోసుకుని కొండెక్కింది కూడా అతనే. మెసేజ్ రాసి గ్రూపులో పెట్టాడు. బెకెన్ ఆగా వెంటనే 'సరే' కొట్టాడు. ఇంకొక్కటి కావాలి. 'సరే' కొట్టే అధికారం ఉన్నవాళ్ళలో ఆ సమయానికి దొరికింది జంసాయ గారొక్కరే. కామా ఒకటి తప్పినా గడప దాటనివ్వని మనిషి.

ఆవిడ నోరు విప్పేలోపే మిగతావాళ్ళు మొదలెట్టారు.

"కజఖ్‌లో ముందా, రష్యన్‌లో ముందా?"

"ఎప్పుడూ కజఖే ముందు. ఇందులో అడగడానికేముంది?"

"ఆ ఒడ్డున సగంమంది చదివేది రష్యన్‌లోనే నాయనా."

"'క్షమించండి' బాగుందా, 'చింతిస్తున్నాం' బాగుందా?"

ఎనిమిది నిమిషాలు గడిచాయి. ఇల్లు కాలుతుంటే బావి ఎక్కడ తవ్వాలా అని తగువు పడే రకాలు.

"జంసాయ గారూ, దణ్ణం పెడతాను, సరే అనెయ్యండి. ముసలీముతకా ఎండలో నిలబడి ఉన్నారు."

"ఉండవయ్యా. నీ తొందరే ఇంతదాకా తెచ్చింది. అసలేం జరిగిందో చూడకుండా నేను సరే అనను."

ఇంతలో ఫోన్ మోగింది. అక్క రౌషన్. ఆమె ఇల్లు ఏటి ఒడ్డునే.

"ఏరా, మీ పెట్టె కూసిందని పిల్లల్ని ఈడ్చుకుంటూ గుట్టెక్కాను. కాళ్ళకి చెప్పులు కూడా లేవు. బౌర్సాకులు వేయిద్దామని పొయ్యి మీద నూనె పెట్టి అలాగే వచ్చేశా. ఇల్లు అంటుకుంటే నాకు దిక్కెవరు? నిజంగానే వస్తోందా?"

సయాన్ తెర వంక చూశాడు. రెండో 'సరే' ఇంకా పడలేదు. సొంత అక్కకి చెప్పడానికి కూడా ఇద్దరి అనుమతి కావాలా అని ఒళ్ళు మండింది.

"ఏమీ రావట్లేదక్కా. అంతా నా పొరపాటు. దిగిపో."

"నీ మొహం మండ, గుండె ఆగినంత పనైంది. వీధి వీధంతా ఇక్కడే ఉంది. మా తమ్ముడే చెప్పాడని అందర్నీ దింపుకుపోతా."

ఫోన్ పెట్టేశాక సయాన్‌కి మనసు కాస్త కుదుటపడింది. ఆ ఒక్క వీధికైనా ఎండ బాధ తప్పించానని అనుకున్నాడు.

రెండూ ఇరవైఆరుకి జంసాయ గారు రాశారు.

"సయాన్, ఆ టెస్ట్ మెసేజ్ ఎన్నింటికి పంపానన్నావు?"

"రెండూ పదికి."

"అది ఇంకా బయల్దేరనే లేదు. చిరునామా తప్పు కొట్టావు. సర్వర్లోనే పడి ఉంది."



"మరి ఆరువేలమందికీ వెళ్ళిందేమిటి?" అన్నాడు బెకెన్ ఆగా.

"చెరువు గట్టు మీది పెట్టె పంపింది. చిట్టాలో స్పష్టంగా ఉంది. అది కూసిన మరుక్షణం నుంచి పెట్టె ఉలుకూపలుకూ లేదు. కొట్టుకుపోయినట్టుంది. బురద ఇళ్ళ దాకా రావడానికి అరగంట పడుతుంది. అది వచ్చే ముందు ఎగువన దారి మూసుకుపోయి ఏట్లో నీళ్ళు ఆగిపోతాయి. ఇప్పటికే పదహారు నిమిషాలయింది."

దొంగే ఒప్పుకున్నాక ఇల్లు వెతికేవాడెవడు? అందరూ సయాన్ని తిట్టడంలో పడి, పెట్టె నిజం చెప్పి ఉండొచ్చని ఒక్కరికీ తోచలేదు.

"దేవుడు చల్లగా చూశాడు," అని బెకెన్ ఆగా రాశాడు. "జంసాయ గారి చాదస్తమే ఊరిని కాపాడింది. ఇళ్ళకు పొమ్మన్న ఆ మెసేజే పోయుంటే ఏమయ్యేది? నయం, ఒక్కరు కూడా కిందికి దిగలేదు."

సయాన్ అప్పటికే అక్క నంబరు నొక్కాడు. ఆరుసార్లు మోగాక ఆమె ఎత్తింది. వెనక పిల్లల కేరింతలు.

"అక్కా, ఎక్కడున్నావ్?"

"ఎక్కడుంటాను, ఇంట్లోనే. వీధంతా దిగొచ్చేశాం. నువ్వన్నది నిజమేరా, వరదా లేదు పాడూ లేదు. ఏట్లో ఉన్న నీళ్ళు కూడా ఉన్నట్టుండి ఆగిపోయాయి, పిల్లలందరూ అందులో దిగి చేపలు ఏరుకుంటున్నారు."