మూడో ట్రాక్

సాయంత్రం బడి బస్సు దిగి రాగానే ల్యాప్‌టాప్ తెరిచాను. నేను రికార్డ్ చేసుకున్న పాటలో రెండే ట్రాకులు ఉండాలి, నా గొంతు, నాలుగు తీగల నా యుకులేలే. ఇవాళ మూడోది ఉంది.

ఎవరో చూసేశారు. పోయిన వారమే అమ్మ పక్కన కూర్చుని నాన్న అన్నాడు: "లోసీ, చర్చి పాటలు కాక ఇంకే మోత వినపడినా ఆ డబ్బా అపియా పట్నం తీసుకెళ్లి అమ్మేస్తా." అప్పటినుంచీ బట్టల బీరువాలో దూరి, దుప్పటి కప్పుకుని పాడుతున్నాను.

"ఊళ్లో సాయంత్రం శంఖం ఊదేశారే! ప్రార్థనకి వస్తావా, నీకు విడిగా ఊదించాలా?" బయటి నుంచి అమ్మ అరిచింది.

"వస్తున్నానమ్మా!" అంటూనే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆ మూడోది నొక్కాను.

ముందు దగ్గు వినపడింది. తర్వాత ఒక బొంగురు మగ గొంతు నా పాట కిందకి మెత్తగా చేరింది. నేను తడబడిన చోట నాకోసం ఆగి, మళ్లీ అందుకుంది.

నాన్న!

పాటయ్యాక గుసగుసగా అన్నాడు: "చరణం కొంచెం నిదానంగా పాడవే తల్లీ, నాకు ఊపిరి అందట్లేదు. ఇంకో మాట. మీ అమ్మ ముందు మళ్లీ తిడతాను. నువ్వు ఇప్పటిలాగే భయపడు, ఆవిడ బాగా నమ్ముతోంది."