నిండు యార్డు

"తొమ్మిదైపోయింది! పదింటికి బ్యాంకావిడ వస్తుంది. యార్డు చూడు, ఎంత బోసిగా ఉందో!" అంటూ జగ్తార్ సింగ్ కంకర మీదే చతికిలబడ్డాడు.

"మన నాలుగు లారీ బళ్ళూ సరుకు దించడానికి టమాటా ఫ్యాక్టరీ లైన్లో ఉన్నాయని చెబుదాం. ఉన్నమాటేగా!" అంది భార్య హర్లీన్.

"చెబితే నమ్ముతుందా? ప్రభుత్వం పూచీ పడే అప్పు ఇది. యార్డు కళ్ళారా చూడందే ఇవ్వరట. ఖాళీ కంకర చూపిస్తే, వీడి కంపెనీ కాగితాల మీదే ఉందనుకుని పోతుంది."

"అయితే మన బళ్ళని వెనక్కి పిలవండి."

"ఎలా పిలవను? లైను వదిలితే మళ్ళీ రేపటికి గానీ వంతు రాదు. ఈ ఎండకి టమాటాలు బండిలోనే రసమైపోతాయి."

శుక్రవారంలోగా ఇన్సూరెన్సు కట్టకపోతే ఒక్క బండీ రోడ్డెక్కకూడదు. ఆ డబ్బు ఈ అప్పులోంచే రావాలి. రాకపోయిందా, ఈ పరాయి దేశంలో పడ్డ పద్దెనిమిదేళ్ళ కష్టం, తాకట్టులో ఉన్న ఇల్లు, అన్నీ గోవిందా!

జగ్తార్ తనలాగే లారీ ఉన్న స్నేహితుడు నిందర్‌కి ఫోన్ చేశాడు.

"నిందర్ పాజీ, నీ బండి ఓ గంట నా యార్డులో నిలబెట్టు. నా బతుకు నీ చేతిలో ఉంది."

"సీజన్లో గంటసేపా? మతి పోయిందా నీకు?"

"పోయింది. ఇల్లు కూడా పోయేలా ఉంది."

"సరే, ఏడవకు. ఇంకో ముగ్గుర్ని లాక్కొస్తా."

మా లారీవాళ్ళంతే. తిట్టకుండా సాయం చెయ్యరు, తిట్టి మానెయ్యనూ మానెయ్యరు. అరగంటలో నలుగురూ ట్రిప్పులు మానుకుని మరీ బళ్ళు తెచ్చి వరసగా నిలబెట్టారు. వాటి తలుపుల మీది పేర్లు కనపడకుండా హర్లీన్ తమ కంపెనీ అయస్కాంతం బోర్డులు అంటించేసింది. నలుగురూ యార్డు పక్కనే ఉన్న జగ్తార్ వంటింట్లో దూరి పరాఠాల మీద పడ్డారు.

సరిగ్గా పదింటికి బ్యాంకావిడ డెలోరెస్ పాచెకో కారు దిగింది. చాయ్ వద్దంది. ఈ చివర నుంచి ఆ చివరకి నడిచి బళ్ళన్నీ చూసింది.

"మీ కంపెనీకున్న నాలుగు బళ్ళూ ఇవేనా?"

"ఇవే మేడమ్! నాలుగూ మావే."

"పొద్దున్నించీ ఇక్కడే ఉన్నాయా?"

"ఎప్పుడొచ్చి చూసినా ఇక్కడే ఉంటాయి మేడమ్. కడిగిన ముత్యాల్లా!" అన్నాడు జగ్తార్, ఛాతీ విరుచుకుని.

ఆవిడ ఫైలు మూసేసింది. "క్షమించండి. ఈ అప్పు ఇవ్వలేను."

జగ్తార్ ఆవిడకి అడ్డం వెళ్ళాడు. "అదేంటి మేడమ్? బళ్ళు కళ్ళెదుటే ఉన్నాయిగా!"

"అదేగా బాధ! మా నాన్న నలభై ఏళ్ళు ఈ చుట్టుపక్కలే టమాటాలు తోలాడు. ఆగస్టు నెలలో, టమాటా కోతల రోజుల్లో, పట్టపగలు బండి ఇంటి దగ్గరుందంటే పని లేదన్నమాటే. ఇప్పుడే పని దొరకనివాళ్ళు, చలికాలంలో వాయిదాలెలా కడతారు?"

"అయ్యో, అది కాదు మేడమ్, మా బళ్ళు..."

హర్లీన్ అతని చెయ్యి గట్టిగా గిల్లింది. మరి ఇవెవరివని ఆవిడ అడిగితే ఏం చెబుతాడు? ప్రభుత్వం పూచీ ఉన్న అప్పుకి ఊళ్ళోవాళ్ళ బళ్ళు చూపించానంటే నేరుగా జైలే. జగ్తార్ ఆ మాట మింగేశాడు.

"మీ కాళ్ళు పట్టుకుంటా మేడమ్. పిల్లలున్నవాణ్ణి. మీ పెద్దసారుతో ఒక్కసారి మాట్లాడండి" అంటూ కారు వెంట పరిగెత్తాడు. కళ్ళనీళ్ళు గడ్డంలోకి కారిపోతున్నాయి.

ఆవిడ కారాపి అద్దం దించింది.

"నాకూ కష్టంగానే ఉందండీ. ఆయన నిన్ననే సంతకం పెట్టేశాడు. యార్డు ఖాళీగా కనిపిస్తే చాలు, ఈ చెక్కు మీ చేతిలో పెట్టి రమ్మన్నాడు."