చిటికెలో అయ్యే జాబితా

ఆదోనిలో నీళ్ల గొడవప్పుడు రాళ్లు వేసిన వాళ్ల పట్టిక మధ్యాహ్నానికి వచ్చింది. దాన్ని కంప్యూటర్లో ఊరి జనం పట్టికతో కలిపి పేర్లు తీసే క్వెరీ రాయడం పంకజాక్షి పని. అందులో తేలిన ప్రతి మనిషినీ, ఎక్కడున్నా సరే, డ్రోన్లు వెతికి మోకాళ్లు విరగ్గొడతాయి.

"ఇంకా ఎంతసేపు పాపా?" అన్నాడు డీఎస్పీ ఓబులేసు.

"గుర్తింపు నంబరుతో కలుపుతాండా సార్. గంట పడ్తాది."

"ఫోన్ నంబరుతో కలుపు. చిటికెలో అయిపోతాది."

"ఇంటిల్లిపాదికీ ఒకటే నంబరుంటాది సార్. పిల్లోల్లు, ముసిలోల్లు అందరూ వస్తారు."

"రానీలే. ఒగడు రాయేసిన ఇంట్లో మిగతావాళ్లు కడిగిన ముత్యాలా?"

పంకజాక్షి క్వెరీలో ఒక్క వరస మార్చింది. జాబితా రెండు సెకన్లలో వచ్చింది. మేడ మీంచి డ్రోన్లు గుంపుగా లేచాయి. పక్క వీధిలో ఎముక విరిగిన చప్పుడు, వెంటనే ఒక పసిబిడ్డ కేక వినిపించాయి. ఆమె చూపు తిప్పుకుని జాబితాలోకి చూసింది.

పద్దెనిమిదో పేరు తన వీధిలో ఇస్త్రీ చేసే మద్దిలేటిది; రాళ్లు వేసిన వాళ్లలో అతనూ ఉన్నాడు. అతనికి ఫోన్ లేదని నిరుడు రేషన్ ఫారంలో పంకజాక్షే తన ఫోన్ నంబరు రాసిచ్చింది. పంతొమ్మిదో పేరు తనది.

"ఆపండి సార్."

"పొయినవి పని గాకుండా తిరిగి రావు పాపా."

కిటికీ అద్దం భళ్లున పగిలేసరికి ఓబులేసు తన కుర్చీని ఆమెకు దూరంగా జరుపుకున్నాడు.