ఎడమచేతి వాటం

"ఈ ఫోన్‌ని ఎవరి చేతికి కొలిచి చేసినారో!" అని విసుక్కున్నాడు దామోదర్, అన్నం కలుపుతూనే.

కుడిచేత్తో తినడం, ఎడమచేత్తో ఫోన్ చూడడం అతని అలవాటు. పుట్టుకతో ఎడమచేతి వాటం. చిన్నప్పుడు తల్లి బాలమ్మ గరిటె తిరగేసి కొట్టి, ఒక్క తిండి విషయంలో మాత్రం మాన్పించింది. మిగతా పనులన్నీ ఇప్పటికీ ఆ చేతివే.

కొత్త ఫోన్‌కి తెర రెండు పక్కలా ఒంపు తిరిగి అంచుల మీదికి దిగి ఉంటుంది. ఎడమచేత్తో పట్టుకుంటే వేళ్ళ కొసలు అవతలి అంచు మీద పడతాయి. తాకితే చాలు, చూస్తున్న క్రికెట్ పోయి ఇంకేదో వస్తుంది. ఆ రోజు చివరి ఓవర్ అట్లాగే పోయింది.

"కాస్త వదులుగా పట్టుకోండి" అంది కిరణ్మయి, పెరుగు వడ్డిస్తూ. "తప్పు ఫోన్‌ది కాదు."

నవ్వకుండానే అంది. అతనికి మాత్రం అందులో నవ్వు వినిపించింది.

ఫోన్ పట్టుకున్న చెయ్యి పట్టుకున్నట్టే లేచింది. ఒంపు అంచు ఆమె కుడి కనుబొమ మీద దిగింది. పెరుగు గిన్నె బోర్లాపడింది. నేల మీది పెరుగులో రక్తం చుక్కలుగా పడుతోంది. దామోదర్ ముందు ఫోన్‌కి గీత పడిందేమో చూసుకున్నాడు.

"బీసీఏ చదివినావు కదా, దీన్ని సరిచెయ్యి" అని ఆమె ఒళ్ళోకి విసిరి, చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళాడు.

కిరణ్మయి ఒక చేత్తో తడిగుడ్డ కనుబొమకి అదిమి పెట్టుకుంది. రెండో చేత్తో ఫోన్‌లో ఏవేవో నొక్కింది. అతను తిరిగి వచ్చేసరికి పని అయిపోయింది.

"ఇక మీ వేళ్ళు ఎక్కడ తగిలినా పరవాలేదు" అంది.

నిజమే. ఆ తర్వాత ఒక్క మ్యాచ్ కూడా ఎగిరిపోలేదు. తన దగ్గర క్యాబ్‌లు నడిపే డ్రైవర్లకి ఫోన్ చూపించి, మా ఆవిడ సరిచేసిందని గొప్పగా చెప్పుకున్నాడు కూడా.

కొట్టడం మాత్రం ఆగలేదు. పాలు పొంగినందుకు ఒక సాయంత్రం. చొక్కా బొత్తాం ఊడినందుకు ఇంకో సాయంత్రం. మారతహళ్ళిలో తొమ్మిదో అంతస్తు ఫ్లాట్. ముందు టీవీ శబ్దం పెంచేవాడు. కుడిచేత్తో జుట్టు దొరకబుచ్చుకుని, ఫోన్ ఉన్న పిడికిలితోనే వీపు మీద గుద్దేవాడు. చెయ్యి అలిసిపోయాక ఫోన్‌ని సోఫాలోకి గిరాటు వేసి, బాల్కనీలో సిగరెట్ వెలిగించేవాడు. బయటికి పోయేటప్పుడు తలుపుకి తాళం వేసుకుని పోయేవాడు.

ఆమె ఫోన్‌ని ఎప్పుడో గోడకేసి కొట్టాడు. మదనపల్లె నుంచి పుట్టింటివాళ్ళు అతని ఫోన్‌కే చేయాలి. స్పీకర్‌లో పెట్టి, ఎదురుగా కూర్చుని, మాట్లాడమనేవాడు.

"మా అమ్మకి చెప్పుకో పో. నమ్ముతుందేమో చూస్తా" అనేవాడు.

నమ్మదని ఇద్దరికీ తెలుసు. బాలమ్మ హెబ్బగోడిలో ఫ్యాక్టరీ పనివాళ్ళకి గదులు అద్దెకిచ్చుకుని బతికే మనిషి. కొడుకంటే ప్రాణం. ఆ కొడుకూ పొద్దునా సాయంత్రం తల్లికి ఫోన్ చేయనిదే ఉండడు. పెళ్ళైన కొత్తలో కిరణ్మయి ఒకసారి ఆవిడ దగ్గర నోరు విప్పింది. నా కొడుకు అట్లాంటివాడు కాదు, నువ్వే ఏదో ఎదురు చెప్పింటావు అని కోప్పడి, ఆ సంగతి కొడుకు చెవిన వేసింది. ఆ సాయంత్రం పడిన దెబ్బకి ఆమె కుడిచెవి ఇప్పటికీ సరిగా వినబడదు.

మొన్న గుద్దిన గుద్దుకి ఊపిరి అందక వంటింటి నేల మీదే పడిపోయింది. ఇంకో దెబ్బ పడితే లేవలేనేమో అనిపించింది.

ఆదివారం పొద్దున చెప్పాపెట్టకుండా బాలమ్మ దిగింది. దామోదర్ భార్యని వంటింట్లోకి లాగి, బాత్రూంలో జారిపడ్డానని చెప్పమన్నాడు. చెప్పే అవసరం రాలేదు. బాలమ్మ కోడలి ముఖం చూసింది. సంచిలోంచి నాటుకోడి తీసి ఇచ్చి, పులుసు పెట్టమంది.

మధ్యాహ్నం ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. దామోదర్ కుడిచెయ్యి రాగిముద్ద మీద, ఎడమచెయ్యి ఫోన్ మీద ఉన్నాయి. బాలమ్మ ముద్ద తుంచి, పులుసులో అద్ది, నోటిదాకా తెచ్చి మళ్ళీ పళ్ళెంలోనే పెట్టేసింది.

"కిరణా, తిన్నాక బట్టలు సర్దుకో" అంది. "నాతో హెబ్బగోడికి వస్తావు. దారిలో పోలీసు స్టేషన్‌కి పోదాము. ఆడ మాట్లాడేది నేను."

దామోదర్ నమలడం ఆపాడు. కుర్చీ వెనక్కి తన్ని లేచాడు.

"ఇది నీకేం చెప్పిందిమా?" అన్నాడు భార్య మీదికి వంగుతూ. ఎడమ పిడికిలి బిగుసుకుంది.

బాలమ్మ సంచిలో ఫోన్ మోగింది.

ఆవిడ తీసి చూసి, కొడుకు వైపు తిప్పి పట్టుకుంది. తెర మీద అతని పేరే ఉంది.

"ఆ పిల్ల ఒక్క మాటా చెప్పలేదప్పా. నువ్వు చెయ్యెత్తినప్పుడల్లా నీ ఫోన్ నుంచే నాకు ఇట్లా కాల్ వస్తా ఉండాది. మొదట టీవీలో సీరియల్ అనుకుంటిని. తర్వాత నీ గొంతు గుర్తుపట్టినా." ఆవిడ ముద్ద ఉన్న పళ్ళేన్ని పక్కకి జరిపింది. "తినేదానికి నీ ఎడమచెయ్యి మాన్పించినా. కొట్టేదానికి మాన్పించలేకపోతిని."

దామోదర్ తన పిడికిలి వైపు చూసుకున్నాడు.

"పాడు ఫోన్" అన్నాడు. "ఒంపు తెర కదా, చెయ్యి పొరపాటున తగిలింటుంది."

కిరణ్మయి బట్టలు సర్దుకోవడానికి లేచింది. కనుబొమ చిట్లిన రోజున, ఊరికే తాకితే పలకకుండా, పిడికిలి బిగిస్తే మాత్రం అత్తగారికి ఫోన్ వెళ్ళేలా ఆ అంచుని సరిచేసి పెట్టింది ఆమే.